లైట్‌వెయిట్ అంటే ఎన్ని కిలోలు? ఫుల్ కాంటాక్ట్ నుంచి ప్రొఫెషనల్ కిక్‌బాక్సింగ్‌కు మారే పోరనికి సలహా కావాలె

హన్మకొండ కార్నర్:

అన్నలందరికీ నమస్తే. మా క్లబ్బుల ప్రాక్టీస్ చేసే పోరని గురించి అడుగుతున్న. వయసు 20, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. పొద్దున పరగడుపున కాంటెక్కితే 71.5 కిలోలు. ఎడమ చేతి వాటం. వాకో (కిక్‌బాక్సింగ్ అంతర్జాతీయ సంఘం) ఫుల్ కాంటాక్ట్‌ల, అంటే నడుము పైననే కొట్టే ఆటల, 11 బౌట్లు ఆడిండు, 8 గెలిచిండు. రాష్ట్రంల మెడల్ ఉంది, నేషనల్స్‌కు ఒక్కసారి పోయొచ్చిండు. ఇప్పుడు ప్రొఫెషనల్ లైట్‌వెయిట్ అయితనంటున్నడు. ఒకలు 67కు దిగుమంటరు, ఇంకొకలు 62కు దిగితే రింగుల అందరికన్న పెద్దగ కనవడతవంటరు. లో కిక్ (తొడ మీద, కాలు మీద పడే కిక్) తిన్న అలవాటు అస్సల్లేదు. ఏ బరువు పట్టుకోవాలె, ముందుగాల ఏది మార్చుకోవాలె, కాంట్రాక్ట్ కాయితం చేతికొస్తే ఏం చూడాలె? "కష్టపడు తమ్మీ, అదే వస్తది" అనే జవాబులు వద్దు. లెక్కలు చెప్పుండ్రి.

తూకం రాయి:

62 అన్నది ఎవరోగానీ, ఏ సంస్థ లైట్‌వెయిట్ గురించి అంటున్నారో ముందు వాళ్లనే అడగండి. ఈ ఆటలో లైట్‌వెయిట్ ఒక పేరు మాత్రమే, దానికి ఒక బరువంటూ లేదు. జపాన్ కె-1లో లైట్‌వెయిట్ 62.5 కిలోలు. గ్లోరీలో 70. వన్ ఛాంపియన్‌షిప్‌లో 77.1. బాక్సింగ్‌వాళ్ల లైట్‌వెయిట్ 61.2. వాకో అమెచ్యూర్ రింగ్‌లోనైతే పేర్లకన్నా అంకెలే వాడుక: మగవాళ్లకు ఈ మధ్యలో 60, 63.5, 67, 71, 75 ఉన్నాయి.

ఇప్పుడు మీ కుర్రాణ్ణి ఈ పట్టికలో పెట్టి చూడండి. అదే శరీరం వాకోలో 71 విభాగం, గ్లోరీలో లైట్‌వెయిట్, వన్‌లో ఫెదర్‌వెయిట్ (70.3), జపాన్ కె-1లో సూపర్ వెల్టర్ (70). అంటే అరకిలో నుంచి కిలోన్నర తగ్గితే చాలు, నాలుగు తలుపులూ తెరిచే ఉన్నాయి. 70 కిలోలంటే తక్కువ చూడాల్సిన పనీ లేదు. 2002లో మొదలైన కె-1 వరల్డ్ మాక్స్ నడిచింది ఈ బరువులోనే. బువాకావ్, మసాటో, ఆండీ సావర్, 2009, 2010 రెండేళ్లూ వరసగా గెలిచిన జార్జియో పెట్రోస్యాన్, అందరూ 70 కిలోల వాళ్లే. పెట్రోస్యాన్‌దీ ఎడమ చేతి వాటమే, మీవాడికి వీడియోలు చూపించాలంటే అతనివి చూపించండి.

62.5 లెక్క చూద్దాం. 71.5 నుంచి 9 కిలోలు, అంటే ఒంటి బరువులో 12.6 శాతం. కొవ్వు తగ్గితే సరిపోయే లెక్క కాదిది. కండ పోతుంది, మిగిలింది నీళ్లు పిండాలి. ఆ మాట అక్కడితో వదిలేయండి.

67 కావాలంటే దారి ఉంది, కానీ 8 వారాలు పడుతుంది. వారానికి ఒంటి బరువులో 0.6 శాతం, అంటే సుమారు 430 గ్రాములు తగ్గాలి. రోజుకు 450 నుంచి 500 క్యాలరీల లోటు పెడితే అది వస్తుంది. 8 వారాలకు 68 దగ్గర నిలబడతాడు. ఆఖరి మూడు రోజులు పీచు తగ్గించాలి: జొన్న రొట్టె, మక్క గట్క, ఆకుకూర, పప్పు బంద్. తెల్లన్నం, గుడ్లు, చికెన్, పెరుగు మాత్రమే. పేగుల్లో ఉండే సరుకు తగ్గి 700 గ్రాముల నుంచి కిలో దాకా దిగుతుంది, బలం తగ్గదు. రాత్రి పడుకుని లేచేసరికి ఊపిరి, మూత్రం రూపంలో మరో అరకిలో పోతుంది. అక్కడికి 67 లోపు వస్తాడు. ప్లాస్టిక్ కవర్లు చుట్టుకొని ఎండలో ఉరకడం ఇందులో ఎక్కడా లేదు చూడండి.

తగ్గేటప్పుడు మాంసకృత్తులు కిలో ఒంటి బరువుకు 2 గ్రాముల చొప్పున, రోజుకు 140 గ్రాములు పడాలి. 4 గుడ్లలో 24, పచ్చిగా తూచిన పావు కిలో బోన్‌లెస్ చికెన్‌లో 55 పైన, 50 గ్రాముల మీల్‌మేకర్‌లో 25, అర లీటర్ పాలు పెరుగుల్లో 16, గుప్పెడు పప్పులో 11. మిగతాది అన్నం, రొట్టెల్లో వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా తప్పేది చికెన్ దగ్గర కాదు, రాత్రి అన్నం దగ్గర. ప్రాక్టీస్ అయి ఆకలి మీద కూర్చుంటే గరిటెల లెక్క ఉండదు. ఆ పూట అన్నాన్ని వండకముందే బియ్యం తూచి పెట్టుకుంటే గొడవ పోతుంది.

టోర్నమెంట్‌లో వరసగా రోజూ బౌట్లుంటాయి కాబట్టి నీళ్లు పిండి దిగినవాడు రెండో రోజుకే ఆరిపోతాడు. ప్రొఫెషనల్ పోటీల్లో ముందురోజే తూకం వేస్తారు, అందుకే అక్కడ నీళ్లు పిండి దిగాలన్న ఆశ ఎక్కువ. ఆ ఆశే 2015 డిసెంబర్‌లో 21 ఏళ్ల చైనా ఎంఎంఏ ఫైటర్ యాంగ్ జియాన్‌బింగ్ ప్రాణం తీసింది. ఆ తర్వాతే వన్ సంస్థ బరువుతోపాటు మూత్రం చిక్కదనం కూడా చూడటం మొదలుపెట్టింది: స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దాటితే, బరువు సరిపోయినా తూకం పాసైనట్టు కాదు.

నా మాట: మొదటి ఏడాది 71లోనే ఆడించండి. లో కిక్ నేర్చుకునే ఏడాది ఆకలితో ఉండకూడదు.

ఓరుగల్లు లోకిక్:

పైన అన్న చెప్పిన ఆఖరి మాట పట్టుకోరి. ఇగ లో కిక్ ముచ్చట.

ఫుల్ కాంటాక్ట్‌ల నడుము కింద కాళ్లతోని కొట్టుడు లేదు, మడమ దగ్గర స్వీప్ ఒక్కటే. అందుకే పోరలు పక్కకు తిరిగి, కాళ్లు పొడుగ్గ చాపి నిలవడతరు. ఆ నిలబడుడు కె-1 రూల్స్‌ల (లో కిక్ చెల్లే ఆట) పనికిరాదు. ముందరి కాలు మీద బరువుంటది, లేపుదామన్నా లేవది. మొదటి నెల దెబ్బలు నేర్పకుండ్రి, నిలబడుడు మార్చుండ్రి. భుజాలు కొద్దిగ ఎదురుకు, పాదాల మధ్య దూరం ఒక అర అడుగు తక్కువ, బరువు సగం సగం. పరీక్ష ఇది: జాబ్ (ముందరి చేతి గుద్దు) కొట్టినంక వెనక్కి ఒరగకుంట ముందరి కాలు టక్కున లేవాలె. లేవకపోతే ఇంక పొడుగ్గనే ఉన్నట్టు.

చెక్ చేసుడు, అంటే వచ్చే లో కిక్‌ను కాలు ఎముకతోని ఆపుడు: మోకాలు నడుము దాక లేపి, 45 డిగ్రీలు బయటికి తిప్పాలె. పాదం వేళ్లు పైకి గుంజి పట్టాలె, అప్పుడే పిక్క, ముందరి కండ బిగుసుకుంటయి. దెబ్బ మోకాలి కింద, ఎముక లావుగ ఉన్నకాడ పడాలె. చాలామంది మోకాలు నేరుగ పైకి లేపుతరు. అట్ల లేపితే ఎముక పక్కకుపోయి పిక్క మీద పడతది. ఇంకో తప్పు, కాలు లేపంగనే చేతులు దించుడు. తెలిసినోడు లో కిక్ వేస్తనని తుంటి కదిలిచ్చి, నువ్వు కాలు లేపంగనే క్రాస్ (వెనక చేతి గుద్దు) గుద్దుతడు. ఒంటి కాలు మీద ఉన్నోడు ఆ గుద్దుకు నిలవడడు.

మీ పోరడు ఎడమ వాటం కాబట్టి లెక్క వేరుంటది. అవతలోడు కుడి వాటమైతే, వాని వెనక కాలు కిక్ మీవోని కుడి తొడ లోపలి దిక్కు పడతది. దానికి బయటికి తిప్పే చెక్ పనిచెయ్యది. మోకాలు లోపలికి తిప్పి ఎముక ఎదురు పెట్టాలె, లేకపోతే కాలు వెనక్కి గుంజాలె. గజ్జల్ల తప్పు దెబ్బలు గూడ ఎక్కువ తగులుతయి, గార్డు చవకది కొనకుండ్రి, స్టీల్ కప్పుది కట్టించుండ్రి. లాభం గూడ ఉంది: మీవోని ఎడమ కాలు మిడిల్ కిక్ నేరుగ అవతలోని తెరుచుకున్న దిక్కు పోతది, కాలేయం అక్కడనే ఉంటది. ఆపుదామని చెయ్యి అడ్డం పెడితే ముంజేయి దెబ్బతింటది, రెండు రౌండ్లల్ల వాడు కుడి చెయ్యి లేపలేడు.

కొట్టుడు: పాదంతోని కొట్టొద్దు, ముందరి ఎముకతోని కొట్టాలె. తొడ బయటి దిక్కు, మోకాలికి జానెడు పైన. ఉత్తగ లో కిక్ వేస్తే దొరికిపోతవు. చేతుల వెనక దాచాలె. డచ్చోళ్ల పద్ధతి అదే. రాబ్ కామన్‌ను "మిస్టర్ లో కిక్" అనేది ఊరికెనే కాదు. కుడి వాటమోనికి జాబ్, క్రాస్, లెఫ్ట్ హుక్, రైట్ లో కిక్. మీవోనికి అదంత తిప్పుకోవాలె. హుక్‌తోని అవతలోని బరువు కిక్ వచ్చే కాలు మీదికి నెట్టుడే అసలు కిటుకు, బరువున్న కాలు లేవది కదా.

సీసాలతోని, కర్రతోని ముందరి ఎముక రుద్దుడు ఇప్పటికీ చేపిస్తున్నరు. దాంతోని ఎముక గట్టిపడది, మీది పొర వాసి నొప్పైతది. ఎముక గట్టిపడేది బ్యాగ్ మీద వందల కిక్కులు నెలలకొద్ది కొడితే. మొదటి నెల వారానికి మూడు రోజులు, కాలుకు 50, సగం బలం. ఆరు నెలలకు 200 దాక పోవచ్చు. రాత్రి పండుకున్నంక ఎముక మీద ఒక్క చోట, వేలు పెట్టి చూపించేటట్టు నొప్పి లేస్తే కిక్కులు బంద్ చెయ్యాలె. 2014ల ఇస్తాంబుల్‌ల గ్లోరీ పోటీల టైరోన్ స్పాంగ్ అంత పహిల్వాన్ కాలే, తను వేసిన కిక్‌కు తనదే ఇరిగింది. సన్నగ ఉండే కింది ఎముక పోయి అవతలోని మోకాలి దగ్గరి లావు ఎముకకు తాకితే గట్లనే అయితది.

బ్యాగుల ఇసుక మాత్రం పోయకుండ్రి. నెల తిరిగేసరికి కిందికి దిగి రాయి అయితది, వానకాలం తేమకు ఇంక గట్టిపడతది. లో కిక్ పడేది సరిగ్గ అక్కడనే.

కరీంనగర్ ఫిజియో:

ఒకచోట కొంచెం చేరుస్తాను. ఎముక మీద ఒక్క చోట నొప్పికి ఎక్స్‌రే తీయించి "ఏం లేదు" అనుకొని మళ్లీ కొట్టిస్తారు. స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐ అడగాలి.

ఎండ విషయం ఎవరూ ఎత్తలేదు. వరంగల్ నుంచి రామగుండం దాకా మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. ఆ రోజుల్లో ఇంటర్వల్స్, స్పారింగ్ పొద్దున 7 లోపు ముగించాలి. ప్రాక్టీసుకు ముందు, తర్వాత తువ్వాలుతో తుడుచుకొని కాంటెక్కండి. 71 కిలోలవాడికి తేడా 1.4 కిలోలు దాటితే 2 శాతం దాటినట్టు, అక్కడి నుంచి ఒంట్లో సత్తువ తగ్గుతుంది. పోయిన ప్రతి కిలోకు లీటరున్నర చొప్పున, నాలుగైదు గంటల్లో మెల్లగా తాగాలి. ఉత్త నీళ్లు గడగడా తాగితే మూత్రంలో పోతాయి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉన్న 20.5 గ్రాముల ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను కొలిచి లీటరు నీళ్లలోనే కలపాలి. చిన్న గ్లాసులో కలిపితే చిక్కనై వాంతి వస్తుంది. ఉప్పు వేసిన అన్నం గంజి కూడా మంచిదే.

మందుల సంగతి జాగ్రత్తగా చదవండి. బరువు దిగడానికి మూత్రం గోలీ, అదే లాసిక్స్, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. అది వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాలో ఉంది, పోటీ ఉన్నా లేకపోయినా నిషేధమే. పైగా పొటాషియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. రెండోది నొప్పుల సూది. ఆర్‌ఎంపీ దగ్గరికి నడుం నొప్పని వెళ్తే ఇచ్చే సూదిలో డెక్సామెథాసోన్ ఉండొచ్చు. 2022 జనవరి 1 నుంచి పోటీ సమయంలో ఏ రకం స్టెరాయిడ్ సూదైనా, కీలు మధ్య ఇచ్చినా సరే, నిషేధం. మందు పేరు చీటీ మీద రాయించుకోకుండా సూది వేయించుకోవద్దు. వానాకాలంలో గజ్జల్లో, చంకల్లో తామర వస్తే షాపువాడిచ్చే మిక్చర్ క్రీముల్లోనూ స్టెరాయిడే ఉంటుంది. నాలుగు రోజులు తగ్గినట్టుండి ఒళ్లంతా పాకుతుంది, క్లబ్బు మొత్తానికి అంటుతుంది. గ్లవ్స్‌లో రాత్రిపూట పేపర్ కుక్కి ఆరబెట్టడం, చేతికట్లు రోజూ ఉతకడం చేస్తే సగం తామర రాదు.

తల గురించి. గట్టి స్పారింగ్ వారానికి ఒక్కరోజు, 16 ఔన్సుల గ్లవ్స్‌తో, షిన్ గార్డులతో. ఫైట్‌కు 10 నుంచి 14 రోజుల ముందు అదీ ఆపేయాలి. తలకు దెబ్బలతో రిఫరీ ఆపితే 30 రోజులు, నాకౌటైతే 60, స్పృహ తప్పితే 90 రోజులు తలకు దెబ్బ తగిలే పని ఏదీ వద్దు. కమిషన్లున్న దేశాల్లో మామూలుగా వేసే విరామాలు ఇవే. మన దగ్గర ఎవరూ అడగరు కాబట్టి కోచే డైరీలో తేదీ రాసుకోవాలి.

హన్మకొండ కార్నర్:

మస్తు సమాచారం ఇచ్చిండ్రు, థాంక్స్ అన్నా. ఒక సందేహం: నేషనల్స్‌కు కాజీపేటల రైలెక్కి ఢిల్లీ దాక పోవుడు దాదాపు ఒక రోజు. దిగినంక కాంటెక్కితే కిలో ఎక్కువ చూపెట్టింది పోయినసారి. అక్కడ ఏం చెయ్యాలె?

తూకం రాయి:

అది కొవ్వు కాదు, రైల్లో తిన్న ఉప్పు, రోజంతా కూర్చోవడం వల్ల కాళ్లలో నిలిచిన నీరు. రైల్లో బిర్యానీ, చిప్స్, ఇంటి నుంచి తెచ్చుకున్న తొక్కు మూడూ ఉప్పు మూటలే. ఇంటి దగ్గరే ఉప్పు తక్కువేసి పెరుగన్నం, ఉడికించిన గుడ్లు కట్టుకోండి, మొదటి పూటకే పెరుగన్నం అయిపోవాలి, ఎండాకాలమైతే పాడవుతుంది. నీళ్లు తాగడం మానొద్దు, మానేస్తే ఒళ్లు ఉన్న నీటిని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రెండు గంటలకోసారి బోగీలో అటూ ఇటూ నడవాలి. రాత్రి కాళ్లు ఎత్తులో పెట్టి పడుకోవాలి. కుదిరితే తూకానికి ఒక రోజు ముందే దిగేట్టు టికెట్ తీసుకోండి, ఆ కిలో దానంతటదే పోతుంది. వెళ్లగానే పోటీ కాంట మీదే బరువు చూసుకోండి. ఇంటి కాంటకూ దానికీ 300, 400 గ్రాముల తేడా మామూలు. ఇంట్లో కాంటను బండల మీద పెట్టాలి, చాప మీద పెడితే తప్పు చూపిస్తుంది.

నిజామాబాద్ కట్‌మ్యాన్:

కాంట్రాక్ట్ సంగతి నేను చెప్తా. దానికి ముందు ఒక మాట: 11 బౌట్లు, అన్నీ ఫుల్ కాంటాక్ట్. ఇప్పుడే ప్రొఫెషనల్ వద్దు. కనీసం ఆరు బౌట్లు లో కిక్, కె-1 రూల్స్‌లో అమెచ్యూర్‌గానే ఆడాలి, 3 రౌండ్లు 2 నిమిషాలవి, హెడ్‌గార్డ్, షిన్ గార్డ్ ఉన్నవి. ప్రొఫెషనల్‌లో రౌండ్ 3 నిమిషాలు, గార్డులుండవు. 6 నిమిషాల ఫైట్ 9 నిమిషాలవుతుంది. ఆ తేడా తెలియనోడు మూడో రౌండ్‌లో చేతులు దించేస్తాడు. రెండేళ్లు పట్టనీయండి, 22 ఏళ్లు ఏమంత వయసని?

పోటీకి పంపేముందు సంస్థ ఏదో చూడాలి. వాకోకు 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు వచ్చింది, దాని అనుబంధ సంఘం మన దేశంలో ఉంది. "ఇంటర్నేషనల్" అని పేరు పెట్టుకొని సర్టిఫికెట్లు పంచే సంఘాలు బయట బోలెడున్నాయి. ఎంట్రీ ఫీజు కట్టేముందు డ్రా షీట్ (ఎవరితో ఎవరు ఆడతారో ఉండే పట్టిక) అడగండి. మీ బరువులో ఇద్దరే ఉంటే ఒక్క ఫైట్‌తో గోల్డ్ వస్తుంది, దాన్ని ఏ ప్రమోటరూ లెక్కచేయడు. ప్రతి బౌట్‌కు మొత్తం వీడియో, సంతకాలున్న బౌట్ షీట్ దాచుకోవాలి. రేపు మ్యాచ్‌మేకర్ (ఫైట్ జోడీలు కుదిర్చేవాడు) అడిగేది అవే.

కాయితంలో చూడాల్సినవి. ఎన్ని నెలలు, ఎన్ని ఫైట్లు వాళ్లకే కట్టుబడాలి? నెలలు రాసి ఫైట్లు రాయకపోతే ఏడాది ఖాళీగా కూర్చోబెట్టొచ్చు. దిగితే ఎంత, గెలిస్తే అదనం ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు? రానూపోనూ ఖర్చు కార్నర్‌లో ఉండేవాళ్లకూ ఉందా? బరువు తప్పితే ఎంత శాతం కోత? అవతలోడు తప్పితే ఆ కోత మనకొస్తుందా? గాయమైతే దవాఖాన బిల్లు ఎవరిది, ఎన్ని రోజుల వరకు? మేనేజర్ కమిషన్ మొత్తం డబ్బు మీదా, ఖర్చులు పోను మిగిలిన దాని మీదా? చివరి నిమిషంలో ప్రత్యర్థి మారితే బరువెంత దాకా ఒప్పుకోవాలన్నది కూడా రాయించాలి. "75 కిలోలోడే దొరికిండు, నువ్వు ఆడు" అని ఫోన్ వస్తది, కొత్తోడు కాదనలేడు. కాయితం ఇంగ్లీషులో ఉంటే హన్మకొండ కోర్టు దగ్గర తెలిసిన వకీలుతో చదివించి సంతకం పెట్టండి.

హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు, కళ్ల పరీక్ష, ఈసీజీ రిపోర్టులు తేదీలతో ఒక ఫైల్లో ఉంచుకోవాలి, చాలాచోట్ల ఆరు నెలలు దాటినవి తీసుకోరు. రింగ్ పక్కన డాక్టర్, బయట ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్ కనిపించకపోతే గ్లవ్స్ కట్టొద్దు. 2022 జూలైలో బెంగళూరులో కె-1 పోటీలో నాకౌటైన కుర్రాడు చనిపోయాడు. వేదిక దగ్గర వైద్య ఏర్పాట్లు లేవని ఇంటివాళ్లు ఆరోపించారు. మౌత్‌గార్డ్, గ్లవ్స్ గురించి అంత అడుగుతాం, అంబులెన్స్ గురించి అడగడానికి మొహమాటపడతాం.

ఉద్యోగం మాట కూడా ఇంట్లో వస్తుంది. కిక్‌బాక్సింగ్ ఒలింపిక్స్‌లో లేదు. స్పోర్ట్స్ కోటా ఆశ ఉంటే ఏ నోటిఫికేషన్‌కు ఆ నోటిఫికేషన్ కింద ఉన్న ఆటల జాబితా చదవాలి. మా నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022, 2023లో ప్రపంచ విజేత అయింది, రాష్ట్రం డీఎస్పీ ఉద్యోగమిచ్చింది, అది బాక్సింగ్‌లో. మీవాడికి చేతులు మంచిగుంటే బాక్సింగ్ లైసెన్స్ కూడా తీసి ఏడాదికి రెండు మూడు బౌట్లు ఆడించండి. చేతులకూ మంచిది, కాయితానికీ మంచిది.

హన్మకొండ కార్నర్:

71లనే పెడుతున్న, ఫిక్స్. ఇసుక బ్యాగ్ రేపే దించుత. కొత్తదాంట్ల ఏం నింపాలె, ఎంత?

ఓరుగల్లు లోకిక్:

ఆరడుగుల పొడుగు బ్యాగ్ తీసుకో తమ్మీ, 45 కిలోలు పడతది. గుడ్డ పేలికలు వరంగల్‌ల కరువా? కొత్తవాడల జంపఖానాలు నేసేకాడ, టైలర్ షాపులల్ల కిలోల లెక్కన దొరుకుతయి. గుండీలు, జిప్పులు, హుక్కులు ఏరి పారెయ్యాలె, ఒక్కటున్నా కాలు చీరుతది. జానెడు మందం వేసుడు, రోకలితోని దంచుడు, మళ్ల జానెడు. అంచుల దిక్కు ఎక్కువ దంచాలె, నడుమ తక్కువైనా నడుస్తది. ఒక్కటే సారి మూతి కుట్టకు. రెండు మూడు వారాలు కొడితే అర అడుగు కిందికి దిగుతది, అప్పుడు 5, 6 కిలోలు మళ్ల పడతయి. గొలుసు రేకుల షెడ్డు పైపుకు వెయ్యకు, స్లాబ్ కొక్కేనికే వెయ్యి.